హెచ్ఐవీ మందులు వాడుతూ బీపీని కూడా అదుపులో పెట్టుకోవడం ఎలా?

రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు వచ్చింది, వైరస్ కనిపించడం లేదన్నారు. సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, బాగుంది, బరువు పెరిగింది. "అంతా బాగుంది, మూడు నెలలకు రండి" అని పంపేశారు. మరి ఆ రోజు బీపీ ఎంత ఉంది? చాలామందిని అడిగి చూడండి, జవాబు రాదు. చూడలేదు, లేదా చూశారు గానీ చెప్పలేదు, లేదా పుస్తకంలో ఒక మూల రాసి వదిలేశారు. వైరస్ మీద గెలిచిన మనిషి పదేళ్ల తర్వాత పక్షవాతంతో మంచాన పడేది ఇలాంటి చోటే.

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఈ పరిస్థితి రావడానికి కారణముంది. 2002లో గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి, 2003లో అమెరికా ప్రభుత్వ పథకం పెప్‌ఫార్ మొదలయ్యాక పేద దేశాల్లో హెచ్ఐవీ మందులు పెద్ద ఎత్తున ఉచితంగా అందాయి. అది హెచ్ఐవీ కోసమని వచ్చిన డబ్బు. అందుకే చాలాచోట్ల క్లినిక్ విడిగా, రిజిస్టరు విడిగా, మందుల గది కూడా విడిగా పుట్టాయి. బీపీకి అలాంటి దాత ఎవరూ రాలేదు. ఫలితంగా ఒక జబ్బుకు ఖరీదైన మందు ఉచితం, ఇంకో జబ్బుకు చౌక మందు జేబులోంచి. 2023 నాటికి ప్రపంచంలో సుమారు 4 కోట్ల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు, వాళ్లలో 3 కోట్లకు పైగా మందులు వాడుతున్నారు. మందులు పనిచేస్తున్నాయి కాబట్టే వీళ్లు యాభై, అరవై ఏళ్లు దాటుతున్నారు. ఆ వయసులో అందరికీ వచ్చే బీపీ వీళ్లకూ వస్తోంది. దానికి తోడు వైరస్ వల్ల ఒంట్లో ఏళ్ల తరబడి సన్నగా సాగే వాపు రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది. కిడ్నీల మీద భారం, మందులు మొదలుపెట్టాక పెరిగే బరువు కూడా కలుస్తాయి.

వ్యవస్థ రెండు జబ్బులకు రెండు దారులు వేసింది. వాటిని కలిపే పని ప్రస్తుతానికి మీ మీదే పడింది. న్యాయం కాదు, కానీ చెయ్యగలిగిన పనే. ఎందుకంటే రోజూ వేళకు మాత్ర వేసుకోవడం, తేదీకి క్లినిక్‌కు వెళ్లడం అనే రెండు కష్టమైన అలవాట్లు మీకు ఇప్పటికే వచ్చు. బీపీ పేషెంట్లలో చాలామంది తప్పేది సరిగ్గా అక్కడే.

మొదటి పని: వచ్చే విజిట్‌లో బీపీ చూడమని నోరు తెరిచి అడగండి

బీపీకి సాధారణంగా లక్షణాలు ఉండవు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నాటి లెక్కల ప్రకారం 30 నుంచి 79 ఏళ్ల మధ్య సుమారు 130 కోట్ల మందికి బీపీ ఉంటే, వాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. అదుపులో ఉన్నది ప్రతి ఐదుగురిలో సుమారు ఒక్కరికే.

కాబట్టి "నాకు బాగానే ఉంది" అన్నది లెక్కలోకి రాదు. మందుల కోసం వెళ్లిన ప్రతిసారీ, కనీసం ఏడాదికి ఒక్కసారైనా, బీపీ చూపించుకోండి. నలభై దాటినవాళ్లు, బరువు బాగా పెరిగినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్లు ప్రతి విజిట్‌లోనూ చూపించుకోవాలి. చూసినవాళ్లు "నార్మలే" అంటే అక్కడితో ఆగొద్దు, నంబర్ అడగండి. రెండు అంకెలూ మీ పుస్తకంలోనో ఫోన్‌లోనో తేదీతో సహా రాసుకోండి. క్లినిక్‌లో బీపీ మిషనే పనిచేయకపోతే ఊరుకోకుండా దగ్గర్లోని ఇంకో ఆరోగ్య కేంద్రంలోనో మందుల షాపులోనో చూపించుకోండి. బీపీ చూపించుకోవడానికి హెచ్ఐవీ సంగతి అక్కడ చెప్పాల్సిన అవసరం లేదు.

రెండో పని: చూసే పద్ధతి సరిగ్గా ఉందో లేదో గమనించండి

రద్దీగా ఉండే క్లినిక్‌లో బీపీ ఎలా చూస్తారో మీకు తెలుసు. గంటసేపు లైన్లో నిలబడి ఉంటారు. పిలవగానే గబగబా లోపలికెళ్లి బరువు చూసుకుంటారు, వెంటనే స్టూలు మీద కూర్చోబెట్టి చొక్కా చేతి మీదనే పట్టీ చుట్టేస్తారు. మిషన్ గుర్రుమంటూ గాలి ఎక్కుతుండగా నర్సు అడుగుతుంది: "మాత్రలు ఎన్ని మిగిలాయి? ఏమైనా మిస్ అయ్యారా?" మీరు లెక్క చెబుతుంటారు. మిషన్ 152/94 అంటుంది. ఆ నంబర్‌లో మీ బీపీ ఎంతో, లైను ఎంతో, మాటలు ఎంతో ఎవరికీ తెలియదు.

సరిగ్గా చూడాలంటే ఇలా ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్, పొగాకు ఏదీ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు, ముందే వెళ్లి రండి. వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే ఉండండి. చెయ్యి బల్ల మీద పెట్టండి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడితే నంబర్ ఎక్కువ వస్తుంది. పట్టీ బట్ట మీద కాకుండా ఒంటి మీదే కట్టాలి. మిషన్ ఆగేవరకూ మాట్లాడొద్దు. నర్సు ఏదైనా అడిగితే చేత్తో ఒక్క నిమిషం అని సైగ చేయండి, ఆమె ఏమీ అనుకోదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడమనండి. మొదటిసారి చూస్తుంటే రెండు చేతులకూ చూడమనండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ముందు ఆ చేతికే చూడాలి.

పట్టీ సైజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ తేడా తెస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. బక్కచేతికి పెద్ద పట్టీ కడితే ఉన్న బీపీ తక్కువగా కనిపిస్తుంది. మందులు మొదలుపెట్టినప్పుడు ఎముకల గూడులా ఉన్న మనిషి రెండేళ్లలో బాగా ఒళ్లు చేయొచ్చు. అప్పుడు సరిపోయిన పట్టీ ఇప్పుడు సరిపోదు. పాత మందులు ఎక్కువ కాలం వాడి చేతుల్లో కొవ్వు కరిగిపోయినవాళ్లది ఇంకో రకం సమస్య. పట్టీ చుట్టాక అది బిగుసుకుపోయినా, వదులుగా జారుతున్నా, అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లో మిషన్ పెట్టుకోగలిగితే భుజం కింద కట్టేదే కొనండి. మణికట్టు మిషన్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటిని నమ్మడం కష్టం. ఉదయం మాత్రలు వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు చూడండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. మంచి మిషన్ నలుగురు కలిసి కొనుక్కున్నా చాలు. సపోర్ట్ గ్రూపులు ఉన్నచోట ఇది నడిచే పద్ధతే.

మూడో పని: నంబర్‌ను అర్థం చేసుకోండి

క్లినిక్‌లో చూసినప్పుడు పై నంబర్ 140 గానీ, కింది నంబర్ 90 గానీ, లేదా అంతకు మించి, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు వస్తే అది బీపీ. ఇంట్లో చూసుకుంటే హద్దు కాస్త తక్కువ, 135/85. రెండు నంబర్లలో ఏ ఒక్కటి దాటినా లెక్కే. "కిందిది నార్మల్‌గానే ఉంది కదా" అనే ఊరట పనికిరాదు.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని అదే రోజు మాత్రలు మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. కానీ "టెన్షన్‌లో ఉన్నారు, అందుకే" అని మూడేళ్లపాటు ప్రతిసారీ సర్దిచెప్పుకోవడం అంతకంటే ప్రమాదం. టెన్షన్ అనుకుంటే రెండు మూడు వారాల్లో మళ్లీ చూపించుకోండి, లేదా ఇంట్లో వారం చూడండి. అప్పటికీ తగ్గకపోతే అది టెన్షన్ కాదు.

మందులు మొదలుపెట్టాక చేరాల్సిన గమ్యం మామూలుగా 140/90 లోపు. గుండెజబ్బు, షుగర్, కిడ్నీ సమస్య ఉంటే పై నంబర్ 130 లోపు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం.

180/110 దాటితే? ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, తట్టుకోలేని తలనొప్పి, మగతగా ఉండటం, వీటిలో ఏదున్నా ఒక్క నిమిషం కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. అసలు ఈ లక్షణాలు వస్తే బీపీ ఎంతుందో చూసుకోవాల్సిన పని కూడా లేదు. ఇవేవీ లేకపోతే కాసేపు కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఆ రోజే డాక్టర్‌ను కలవండి. ఈలోగా పక్కింటివాళ్ల మాత్ర వేసుకోవడం, మీ మాత్రే రెండు మూడు కలిపి మింగడం, నాలుక కింద ఏదో పెట్టుకోవడం చేయకండి. బీపీ ఒక్కసారిగా పడిపోయినా మెదడుకు దెబ్బే.

నాలుగో పని: మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరూ ఒక్కచోట రాయండి

ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేస్తానంటే ఇది చేయండి. బీపీ మాత్ర రాసే డాక్టర్‌కు మీ హెచ్ఐవీ మందుల పేర్లు తెలియాలి, హెచ్ఐవీ క్లినిక్‌లో బీపీ మాత్ర పేరు తెలియాలి. స్ట్రిప్పు వెనక, డబ్బా మీద ఉన్న పేర్లను ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఫోన్ ఇంట్లో అందరూ చూస్తారనుకుంటే చిన్న కాగితం మీద మందు పేర్లు మాత్రమే రాసుకోండి. కాగితం మీద జబ్బు పేరు అక్కర్లేదు, చదవాల్సిన డాక్టర్‌కు మందు పేరు చూస్తేనే అర్థమవుతుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం, మందులు ఒకదాన్నొకటి పెంచుతాయి, తగ్గిస్తాయి. ఏది ఏం చేస్తుందన్నది మీరు ఏ హెచ్ఐవీ మందు మీద ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు చాలా దేశాల్లో ఎక్కువమందికి ఇస్తున్నది ఒకే మాత్రలో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్. దీన్నే టీఎల్‌డీ అంటారు. బీపీ విషయంలో ఇది మంచి జత. ఆమ్లోడిపిన్, ఎనాలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మామూలు బీపీ మందులతో దీనికి గొడవ లేదు. అయితే డొలుటెగ్రావిర్‌తో కొందరికి బరువు పెరుగుతుంది. కొన్ని అధ్యయనాల్లో బీపీ కూడా కాస్త పెరిగినట్టు కనిపించింది. ఆ భయంతో ఈ మందు మానేయడం తెలివైన పని కాదు. బరువు, బీపీ చూసుకుంటూ కొనసాగించడమే దారి.

పేరులో రిటోనావిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉంటే, అంటే లోపినావిర్, అటాజనావిర్, దారునావిర్ మాత్రలతో కలిపి ఇచ్చేవి వాడుతుంటే జాగ్రత్త పడాలి. ఇవి ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటి మందుల్ని ఒంట్లోంచి త్వరగా బయటకు పోనివ్వవు. మామూలు డోసే వేసుకున్నా రక్తంలో ఎక్కువ డోసు వేసుకున్నట్టు అవుతుంది. కాళ్లు ఉబ్బుతాయి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. అందుకని తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అయితే ఈ మందులతో అసలు కలపకూడదు. ఆస్తమాకు ఫ్లుటికాసోన్ ఉన్న ఇన్‌హేలర్ వాడేవాళ్లు కూడా డాక్టర్‌కు చెప్పాలి. రిటోనావిర్‌తో కలిస్తే దాంట్లోని స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుపోయి బీపీని, షుగర్‌ను పెంచేస్తుంది.

ఎఫావిరెంజ్, నెవిరపిన్ అనే హెచ్ఐవీ మందులది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఇవి ఆమ్లోడిపిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తాయి. మాత్ర రోజూ వేసుకుంటున్నా బీపీ దిగదు. డాక్టర్ "సరిగ్గా వేసుకోవడం లేదేమో" అంటారు, మీరు వేసుకుంటున్నానని ఒట్టు వేస్తారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఇంకా గట్టిగా ఈ పని చేస్తుంది, ఒక్క ఆమ్లోడిపిన్‌కే కాదు, ఇంకొన్ని బీపీ మందులకూ. టీబీ కోర్సు మొదలుపెట్టిన నెలలో బీపీ మళ్లీ చూపించుకోవాలి, కోర్సు అయిపోయిన నెలలోనూ చూపించుకోవాలి. రిఫాంపిసిన్ ఆగాక బీపీ మందు బలం తిరిగి పెరుగుతుంది కాబట్టి.

జాబితాలో చీటీ లేకుండా కొనే మాత్రలు కూడా రాయండి. అసలు ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే. నడుం నొప్పికి, మోకాళ్లకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బీపీని పెంచుతాయి, టెనోఫోవిర్‌తో కలిసి కిడ్నీలను దెబ్బతీయగలవు. నొప్పికి పారాసిటమాల్ మేలు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లు డొలుటెగ్రావిర్‌ను ఒంట్లోకి ఎక్కనివ్వవు. కాబట్టి డొలుటెగ్రావిర్‌ను వాటికంటే రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే ఎడం పాటించాలి, లేదంటే భోజనంతో పాటు రెండూ కలిపి వేసుకోవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, డొలుటెగ్రావిర్‌తో ఉన్నప్పుడు సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ముక్కు దిబ్బడకు వేసుకునే జలుబు మాత్రల్లో కొన్ని, ఏముందో తెలియని మూలికా పొడులు కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

ఇంకొకటి, తేలిగ్గా జారిపోయేది. సీడీ4 తక్కువ ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ రక్తంలో పొటాషియం పెంచుతుంది. ఎనాలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ కూడా అదే చేస్తాయి. రెండూ కలిస్తే పొటాషియం గుండె లయ తప్పేంతగా పెరగొచ్చు, ముఖ్యంగా కిడ్నీలు బలహీనంగా ఉంటే. కలిపి వాడకూడదని కాదు. కలిపి వాడుతుంటే రక్తపరీక్ష చేయించాలి. కోట్రైమోక్సజోల్‌ను చాలామంది అసలు మందుగా లెక్కేయరు, అందుకే జాబితాలో రాయమని చెబుతున్నాను.

ఐదో పని: ఈ పరీక్షలు అడగండి

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో, ప్రొటీన్ మూత్రంలో, ఇంకా షుగర్. దొరికితే పొటాషియం, కొలెస్ట్రాల్, ఒక ఈసీజీ. ఇవన్నీ లేవని బీపీ మందు ఆపుకుని కూర్చోవాల్సిన అవసరం లేదు. పరీక్షల కోసం ఆగి మందు ఆలస్యం చేయొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

క్రియాటినిన్ విషయంలో ఒక గందరగోళం తరచూ వస్తుంది. డొలుటెగ్రావిర్ మొదలుపెట్టిన మొదటి నెలలో అది కొద్దిగా పెరుగుతుంది, కిడ్నీలకు ఏమీ కాకుండానే. కిడ్నీ దాన్ని బయటకు పంపే దారిని మందు కాస్త అడ్డుకుంటుంది, అంతే. అదే నెలలో ఎనాలాప్రిల్ కూడా మొదలుపెడితే, పెరిగిన క్రియాటినిన్ దేనివల్లో తేల్చడం కష్టం. వీలైతే రెండు కొత్త మందులూ ఒకే వారంలో మొదలుపెట్టకుండా చూడమని అడగండి. పెరుగుదల ఆగకుండా సాగుతుంటే మాత్రం టెనోఫోవిర్ మార్చాలా అని డాక్టర్ ఆలోచిస్తారు. అది మీరు సొంతంగా తీసుకునే నిర్ణయం కాదు.

ఆరో పని: మాత్ర మొదలుపెట్టాక మొదటి మూడు నెలలు గట్టిగా నిలబడండి

బీపీ మాత్ర రాసినప్పుడు రోజుకొక్కసారి వేసుకునేది రాయమనండి. వీలైతే దాన్ని హెచ్ఐవీ మాత్ర వేసుకునే వేళకే కలిపేయండి. రెండు మందులు ఒకే మాత్రలో కలిసిన బీపీ మాత్రల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. దొరికే చోట అదే మేలు. మాత్రల సంఖ్య తక్కువైతే మర్చిపోవడం తగ్గుతుంది, ఇది హెచ్ఐవీ మందుల్లో మీరు స్వయంగా చూసిందే.

మొదటి రెండు వారాల్లో కాస్త నీరసం, లేచినప్పుడు తల తూలడం ఉండొచ్చు. ఏళ్లుగా ఎక్కువ బీపీకి అలవాటైన ఒంటికి నార్మల్ కొత్తగా ఉంటుంది. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకండి. తూలడం తగ్గకపోతే, పడిపోయేలా ఉంటే ఆగకుండా చెప్పండి.

ఆమ్లోడిపిన్‌తో సాయంత్రానికి చీలమండలు ఉబ్బొచ్చు. అది కిడ్నీలు పోయాయనడానికి గుర్తు కాదు, అయినా డాక్టర్‌కు చూపించండి. డోసు తగ్గించో, ఇంకో మందు కలిపో సరిచేస్తారు.

ఎనాలాప్రిల్ తరహా మందులతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. గొంతులో గరగర, రాత్రిళ్లు ఎక్కువ, కఫం రాదు. హెచ్ఐవీ లేనివాళ్లయితే మందు మార్చి చూస్తారు, దగ్గు పోతుంది. మీ విషయంలో దగ్గు అంటే ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా అని క్లినిక్‌లో ప్రతిసారీ అడిగేది అందుకే. "ఇది బీపీ మాత్ర దగ్గే" అని మీకు మీరే తేల్చుకుని ఇంట్లో కూర్చోకండి. అలాగని టీబీ పరీక్ష చేసి, లేదని వచ్చాక కూడా నెలల తరబడి దగ్గుతూ ఉండక్కర్లేదు. లోసార్టాన్ తరహా మందుకు మార్చమని అడగండి.

బీపీ నార్మల్‌కు వచ్చాక మాత్ర ఆపేయాలనిపిస్తుంది. ఇక్కడ మీకున్న అనుభవం ఇతరులకు లేదు. వైరల్ లోడ్ కనిపించడం లేదంటే వైరస్ పోయినట్టు కాదని, మందు దాన్ని అణిచి పెట్టిందని మీకు తెలుసు. బీపీ 124/78 అని వచ్చినా అంతే, మందు ఉంది కాబట్టి ఆ నంబర్. ఇంకో వైపు తప్పు కూడా చేయకండి. బీపీ పెరిగిందన్న భయంతో హెచ్ఐవీ మందులు కొన్నాళ్లు ఆపి చూద్దాం అనుకోవద్దు. 2006లో వెలువడిన స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో మందులు ఆపి ఆపి వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ, గుండెజబ్బులూ ఎక్కువే. వైరస్‌ను వదిలేస్తే రక్తనాళాలు ఇంకా పాడవుతాయి.

నెలకోసారి బీపీ చూపించుకుంటూ, గమ్యం చేరకపోతే డోసు పెంచమని లేదా ఇంకో మందు కలపమని అడగండి. "కొంచెమే ఎక్కువుంది, చూద్దాం" అంటూ ఏడాది గడిపేయడం చాలా క్లినిక్‌లలో జరిగేదే.

ఏడో పని: రెండు తేదీలనూ ఒక్క తేదీ చేయండి

హెచ్ఐవీ మందుకు ఒక రోజు, బీపీ మందుకు ఇంకో రోజు, ఇంకో ఆసుపత్రి, ఇంకో లైను. రెండుసార్లు కూలీ పోగొట్టుకుని, రెండుసార్లు బస్సు ఛార్జీ పెట్టుకునేవాడు చివరికి ఏదో ఒకటి వదిలేస్తాడు. వదిలేది బీపీనే. అతని తప్పు అనను.

మొదట అడగాల్సింది: "బీపీ మందు కూడా ఇక్కడే ఇస్తారా?" లేదంటారేమో, అయినా అడగండి. కలిపి చూడటం సాధ్యమేనని రుజువైంది. ఉగాండా, టాంజానియాల్లో 32 ఆరోగ్య కేంద్రాల్లో ఇంటె-ఆఫ్రికా అనే అధ్యయనం చేశారు. హెచ్ఐవీ, షుగర్, బీపీ ఉన్నవాళ్లందరికీ ఒకే క్లినిక్, ఒకే వెయిటింగ్ హాలు, ఒకే మందుల కిటికీ. అలా చేస్తే హెచ్ఐవీ చికిత్స పలచబడుతుందేమోనన్న భయం ఉండేది. 2023లో ఫలితాలు వచ్చాయి, వైరస్ అదుపు ఏమాత్రం దెబ్బతినలేదు. కెన్యా, ఉగాండా ఊళ్లలో జరిగిన సెర్చ్ అధ్యయనంలోనూ హెచ్ఐవీ పరీక్షతో పాటే బీపీ, షుగర్ చూశారు, అలా చూసిన ఊళ్లలో బీపీ అదుపు మెరుగైంది. ఒకే హాల్లో అందరూ కూర్చుంటే ఎవరికి ఏ జబ్బో బయటివాళ్లకు తెలియదన్నది నా దృష్టిలో ఇందులో పెద్ద లాభం.

కలిపి ఇవ్వని చోట తేదీలైనా కలపండి. హెచ్ఐవీ మందులు మూడు నెలలకో ఆరు నెలలకో ఒకేసారి ఇస్తున్నారనుకుందాం. బీపీ అదుపులోకి వచ్చాక బీపీ మందు కూడా అన్ని నెలలకే రాయమనండి. అదుపులో ఉన్నవాళ్లను మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని మార్గదర్శకాల్లోనే ఉంది. తేదీలు కుదరకపోతే ఒక్కసారికి మాత్రం మధ్యలో ఉన్న వారాలకు సరిపడా మాత్రలు విడిగా తీసుకోండి, తర్వాత నుంచి రెండూ ఒకే రోజుకు వస్తాయి. సొంత డబ్బుతో కొనేటప్పుడు మందు పేరు చెప్పి తక్కువ ధర కంపెనీది అడగండి. పాత, చౌకైన బీపీ మందులు బాగా పనిచేస్తాయి, కొత్తది రాయించుకుని మధ్యలో ఆపేయడం కంటే అవి ఎంతో నయం. చేతిలో ఎప్పుడూ రెండు వారాల మాత్రలు అదనంగా ఉండేలా చూసుకోండి.

ఎనిమిదో పని: ఎవరికి ఏం చెప్పాలో ముందే అనుకోండి

హెచ్ఐవీ మాత్రల్ని ఇంట్లో "బీపీ మాత్రలు" అని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. తీరా నిజంగా బీపీ వచ్చాక చిక్కు: ఇంట్లోవాళ్లు "ఇన్నాళ్లూ వాడుతున్నావుగా, మళ్లీ కొత్తవెందుకు?" అంటారు. డోసు పెంచారనో, ఇంకో మాత్ర కలిపారనో చెప్పొచ్చు. బీపీ విషయంలో అది నిజం కూడా. ఇంట్లో ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం. డాక్టర్ దగ్గర మాత్రం ఆ పాత అబద్ధం కొనసాగించకండి. ఆపరేషన్ చేసే డాక్టర్, పన్ను పీకే డాక్టర్, బీపీ చూసే డాక్టర్, అందరికీ మందుల పేర్లు తెలియాలి. నలుగురి ముందు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ కాగితం చేతికివ్వండి. వివక్ష చూపించే చోట పడితే, అక్కడ వాదిస్తూ కూర్చోకుండా హెచ్ఐవీ క్లినిక్‌లో చెప్పండి, మర్యాదగా చూసే డాక్టర్ ఎవరో వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఇక మిగతావి

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అదీ వంటలో వేసింది, ప్యాకెట్ తిండిలో దాగి ఉన్నది అన్నీ కలిపి. పొగాకు పూర్తిగా మానాలి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు పొగ చేసే నష్టం మిగతావాళ్లకంటే ఎక్కువ. మద్యం తగ్గిస్తే బీపీ తగ్గుతుంది, మాత్రలు మర్చిపోవడమూ తగ్గుతుంది. రోజూ అరగంట చురుగ్గా నడవండి. బరువు గురించి మాత్రం కొంచెం మెత్తగా చెప్పాలి. ఒకప్పుడు చిక్కి శల్యమై, నలుగురూ వేలెత్తి చూపిన మనిషికి లావెక్కడం ఆరోగ్యానికి గుర్తుగా, ఒక రకమైన రక్షణగా అనిపిస్తుంది. మళ్లీ సన్నబడితే ఊరు ఏమనుకుంటుందో అనే భయం నిజమైనదే. సన్నబడమని కాదు, నడుం చుట్టుకొలత ఇంకా పెరగకుండా ఆపమని అడుగుతున్నాను.

నలభై దాటితే కొలెస్ట్రాల్ మాత్ర గురించి కూడా అడగండి. 12 దేశాల్లో 7,769 మంది హెచ్ఐవీ ఉన్నవాళ్ల మీద జరిగిన రిప్రీవ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద దెబ్బలు సుమారు 35 శాతం తగ్గాయి, అదీ గుండె ప్రమాదం మరీ ఎక్కువ లేనివాళ్లలో.

గర్భం రావాలనుకుంటున్న ఆడవాళ్లు, వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఎనాలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ తరహా మందులు వాడకూడదు, బిడ్డ కిడ్నీలకు హాని. ముందే చెబితే వేరేవి ఇస్తారు. ఇప్పటికే వాడుతుండగా నెల తప్పితే వెంటనే వెళ్లి మార్పించుకోవాలి, హెచ్ఐవీ మందు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు.

హెచ్ఐవీ మందు మారినప్పుడల్లా బీపీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎఫావిరెంజ్ నుంచి డొలుటెగ్రావిర్‌కు మారిస్తే రెండు మూడు వారాల్లో ఆమ్లోడిపిన్ బలం పెరగొచ్చు, తల తూలొచ్చు. లోపినావిర్, అటాజనావిర్ నుంచి మారిస్తే దాని బలం తగ్గి, అదుపులో ఉన్న బీపీ ఎక్కొచ్చు. మార్చిన రోజే బీపీ డాక్టర్‌కు కొత్త పేరు చెప్పండి, కాగితం మీద పాత పేరు కొట్టేసి కొత్తది రాయండి, నెల తిరిగేలోగా ఒకసారి బీపీ చూపించుకోండి.